పాలవాడి చక్రాలు

కాసులమ్మకు సైకిలు తొక్కడం రాదు. అయినా సైకిలు చక్రాల గురించి ఆమెకు తెలిసినంత ఆ పాలెంలో ఇంకెవరికీ తెలియదని అనేవారు. అలా అనేవాళ్ళలో ముందుండేది కాసులమ్మే.

తెలుసుకోక ఏం చేస్తుంది మరి. ఆమె ఉండేది కొండకి ఇవతల, మొగుడు దాలయ్య ఉండేది కొండకి అవతల. యారాడ కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న పాలెం అది. బస్సుందని పేరే గానీ, దాన్ని నమ్ముకుని ఎవరూ అన్నం మూట కట్టుకునేవారు కాదు. అటునుంచి ఇటు మనిషి రావాలంటే కాళ్ళైనా ఉండాలి, సైకిలైనా ఉండాలి. వారమంతా ఒళ్ళు విరుచుకుని పనిచేసినవాడి కాళ్ళని ఏం నమ్ముతాం? అందుకని కాసులమ్మ నమ్మకమంతా ఆ రెండు చక్రాల మీదే ఉండేది.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. దాలయ్య ఒక కాంట్రాక్టరు దగ్గర కాంక్రీటు పనిలో ఉన్నాడు. కాంక్రీటు పొయ్యడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదట, ఆపితే అతుకు పడుతుందట. అందుకని మనుషుల్ని అక్కడే రేకుల షెడ్లలో ఉంచేవారు. ఆదివారం ఒక్కటే సెలవు. శనివారం పొద్దువాలాక బయల్దేరి వచ్చి, సోమవారం తెల్లవారుతుండగానే వెళ్ళిపోవాలి. గోడకు అతుకు పడకూడదని అంత జాగ్రత్తపడే పెద్దమనుషులు మొగుడూ పెళ్ళాల సంగతి ఎందుకు పట్టించుకుంటారు? పిల్లలింకా లేని ఇల్లు. వారంలో ఎక్కువ రోజులు అందులో ఒక్క మనిషి, ఒక పొయ్యి.

అసలు దాలయ్యది సముద్రం పని. తండ్రితో పాటు పడవెక్కి పెరిగినవాడు. హార్బరు నుంచి మరబోట్లు వచ్చి ఒడ్డుదాకా గోకేసుకుపోవడం మొదలయ్యాక, ఊరి పడవలకు వలలో నీళ్ళు తప్ప ఏమీ రాని రోజులు ఎక్కువయ్యాయి. తండ్రి పోయాక పడవలో తన వాటా కాసులమ్మ అన్న సూరన్నకు ఒప్పజెప్పి, సైకిలు మీద కొండ దాటాడు. వెళ్ళేటప్పుడు అతను ఏడవలేదు. కాసులమ్మే ఇద్దరి వంతూ ఏడ్చింది.

వాళ్ళింటి వెనక నిలబడితే కొండ మీద రోడ్డు ఆఖరి మలుపు కనిపిస్తుంది. శనివారం సాయంత్రం ఆ మలుపులో చీమంత చుక్క కనిపించగానే కాసులమ్మ ఎసరు పెట్టేది. ఆ చుక్క మనిషై, ఆ మనిషి దాలయ్యై, వాకిట్లో సైకిలుకు స్టాండు వేసేసరికి అన్నం వార్చడం అయిపోయేది. సోమవారం చీకటి విడుతుండగా అదే చుక్క పైకి పాకేది. మలుపు దగ్గర కాసేపు ఆగేది. ఆయాసం తీర్చుకుంటున్నాడని ఆమె అనుకునేది. తర్వాత చుక్క కనిపించేది కాదు. కాసులమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపల అమ్మకానికి పోయేది. మలుపుకి అవతల రోడ్డు ఎంత నిటారుగా దిగుతుందో ఆమెకు అంతగా పట్టేది కాదు, ఎందుకంటే ఆమె చూపు అక్కడిదాకానే వెళ్ళేది.

ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. దాలయ్య సైకిలు తండ్రి కాలంనాటిది. చక్రాల రిమ్ములు మొదట మచ్చలు పడ్డాయి, తర్వాత పొరలు లేచాయి, చివరికి వేలు పెడితే గుచ్చుకునేలా తయారయ్యాయి. కొండ ఎక్కి దిగినప్పుడల్లా ఒక స్పోకు ఠక్కుమని తెగేది. దాలయ్య తెగిన చోటల్లా రాగితీగ చుట్టి నడిపేవాడు. తీగలు ఎక్కువై స్పోకులు తక్కువైన చక్రం అది. ఒక శనివారం చుక్క రాలేదు. కాసులమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఎసరు పెట్టకుండా, చల్లన్నం తినకుండా పడుకుంది. మర్నాడు కూడా రాలేదు. ఆ పై శనివారం బాగా పొద్దుపోయాక దాలయ్య నడుచుకుంటూ వచ్చాడు, సైకిలును భుజం మీద మోసుకుంటూ.

"ఏటి మావా, నిన్ను మొయ్యాల్సినదాన్ని నువ్వు మోత్తన్నావు?" అంది కాసులమ్మ. అంటూనే సైకిలును అతని భుజం మీంచి దింపింది.

"ఎనక సక్రం ఒంగిపోనాది. గత వారం అక్కడే ఒగ్గీసి నడిసొచ్చీద్దునే గానీ, ఓవర్‌టైం అన్నాడు," అన్నాడు దాలయ్య.

"ఓవర్‌టైం నేకపోతే నడిసొచ్చీవోడివా?"

"ఒచ్చీవోన్నే."

"ఎన్ని వారాలు నడుత్తావు?"

అతను అరుగు మీద కూర్చున్నాడు. నడిచి నడిచి కాళ్ళు వాచి ఉన్నాయి. కాసులమ్మ వేన్నీళ్ళు తెచ్చి ఆ కాళ్ళ మీద పోస్తూ, మర్నాడు ఇద్దరూ గాజువాక వెళ్ళి చక్రాలు కొనాలని తీర్మానం చేసేసింది. డబ్బు సంగతి అతను ఎత్తబోతే, కొత్త కోకకని దాచుకున్నది ఉందని, కోక లేకపోయినా శనివారం వస్తుందని, చక్రం లేకపోతే రాదని చెప్పింది.

గాజువాకలో సైకిలు షాపు శ్రీరామ్మూర్తిది. తణుకు వైపు నుంచి స్టీలు ప్లాంటులో ఉద్యోగానికని వచ్చి, అది దొరక్క, దొరికినవాళ్ళకి సైకిళ్ళు బాగుచేస్తూ స్థిరపడిన మనిషి. వాళ్ళు మోసుకొచ్చిన సైకిలు చక్రాలను ఆయన వేలితో గీకి చూశాడు.

"ఇవి ఎక్కడ తేలాయయ్యా, సముద్రంలోనా?" అన్నాడు.

"సంద్రం పక్కనే బాబూ."

"సర్లే. చక్రం కొనే ముందు నాకు మూడు సంగతులు చెప్పాలి. ఎవరెక్కుతారు, ఏం మోస్తారు, ఏ రోడ్డు?"

దాలయ్య కంటే ముందు కాసులమ్మ అందుకుంది. "ఈయనెక్కుతాడు. ఎల్లినప్పుడు అన్నం మూటా ఎండుసేపలూ మోత్తాడు. కొండ రోడ్డు. వారం వారం రావాల. మాకు అదే గావాల బాబూ, వారం వారం రావడం."

శ్రీరామ్మూర్తి ఆమె ముఖం ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి కొత్త నికెలు పూత చక్రాలు తెచ్చాడు. అందులో ముఖం కనిపిస్తోంది. కాసులమ్మ బొట్టు కూడా సరిచూసుకుంది. ధర చెప్పాక దాలయ్య ఆ చక్రాలను రెండు చేతులతో, మర్యాదగా కింద పెట్టాడు.

తర్వాత నల్లరంగు వేసిన చవక రకం వచ్చాయి. అవి దాలయ్యకు నచ్చాయి, లేక వాటి ధర నచ్చింది. కాసులమ్మ గోటితో గీకింది. రంగు గోట్లోకి వచ్చేసింది. "ఇది మా ఊరి గాలికి వోనకాలం దాటదు బాబూ. మళ్ళీ ఈయన దీన్ని మోసుకుంటూ ఒత్తాడు," అంది.

"మరి నికెలు వద్దు, నలుపు వద్దు. మధ్యలో ఏముంటుందమ్మా?"

కాసులమ్మ పైకి చూసింది. షాపు దూలానికి పాత చక్రాల జత ఒకటి వేలాడుతోంది. దుమ్ము పట్టి ఉంది గానీ, స్పోకులు మామూలు వాటికంటే లావు. అవేమిటని అడిగింది.

"అవా? లోపలి పల్లెల నుంచి రోజూ పాలు తెచ్చే అతనివి. ఇటొక క్యాను, అటొక క్యాను వేసుకుని ఏళ్ళ తరబడి తొక్కాడు. ఇప్పుడు మోపెడ్ కొన్నాడు. పాత సరుకమ్మా, నేను చెప్పకుండా అమ్మను."

"దింపండి బాబూ."

దింపాడు. ఆ తర్వాత జరిగింది శ్రీరామ్మూర్తి గాజువాకలో చాలామందికి చెప్పుకున్నాడు. కాసులమ్మ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో దుమ్ము తుడిచింది. పడవకు చెక్క కొనేటప్పుడు వాళ్ళ నాన్న చేసినట్టు, రిమ్ము చుట్టూ వేలి కణుపుతో కొడుతూ చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత వేలు తడిచేసి, రిమ్ముకి రాసి, నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు తగల్నేదు. ఇది మంచినీళ్ళ దిక్కు తిరిగిన ఇనుం. లోపల తుప్పు తిననేదు మావా, తీసుకో," అంది.

"పాతికేళ్ళుగా ఈ షాపులో ఉన్నాను గానీ, చక్రం రుచి చూసి కొన్నవాళ్ళని ఇప్పుడే చూడ్డం," అన్నాడు శ్రీరామ్మూర్తి. అంత కాలం నుంచి ఆయన గాజువాకలోనే లేడు. కానీ ఆ సమయంలో మనిషికి అలాంటి మాటే వస్తుంది.

బేరం మొదలైంది. పాత చక్రాల ఇనుముకి కొంత, పరిచయానికి కొంత తగ్గింది. ఇంకొంత తగ్గాల్సి వచ్చినప్పుడు, ఎండు నెత్తళ్ళు ఎవరూ పెట్టక చాలా కాలమైందని శ్రీరామ్మూర్తి తనంతట తనే అన్నాడు. కాసులమ్మ పెద్ద పొట్లం ఒప్పుకుంది. ఆయన చక్రాలు బిగించి, గిరగిరా తిప్పి, సుద్దముక్క అంచుకు ఆనించి పట్టుకుని, ఎక్కడెక్కడ వంకరుందో గుర్తుపెట్టి, ఒక్కొక్క స్పోకూ సరిచేశాడు. కాసులమ్మ ఎదురు కొట్టులో చింతపండు బేరమాడటానికి వెళ్ళిన సమయంలో కొత్త బ్రేకు రబ్బర్లు వేస్తూ, దాలయ్యకు ఒక మాట చెప్పాడు.

"కొండ దిగేవాడివి, విను. ఈ రబ్బరు రిమ్ముని పట్టుకుంటేనే నువ్వు ఆగుతావు. చమురు డబ్బా ఎత్తినప్పుడు ఇరుసుకి వెయ్యి, గొలుసుకి వెయ్యి. రిమ్ముకి మాత్రం జిడ్డు తగలనివ్వకు."

"అలగే బాబూ," అన్నాడు దాలయ్య.

తిరుగు ప్రయాణంలో చదును రోడ్డు మీద కాసులమ్మ క్యారేజీ మీద కూర్చుంది. ఎక్కుడులో ఇద్దరూ దిగి నడిచారు. కొండ మీద, ఆ ఆఖరి మలుపు దగ్గర దాలయ్య ఆగాడు. కింద పాలెం, తెల్లటి నురగ గీత, దాని అవతల నీలం. చూస్తూ నిలబడ్డాడు. ఆయాసం అని కాసులమ్మ అనుకుంది. దిగుడులో అతని నడుం పట్టుకుని కూర్చుంది. బ్రేకు నొక్కినప్పుడల్లా చక్రాలు కుయ్యిమని, మాట విన్నట్టు నెమ్మదించేవి. ఆ రోడ్డు ఇంకొంచెం పొడుగుంటే బాగుండుననిపించింది ఆమెకు. పెళ్ళినాడు కూడా మొగుణ్ణి అంత గట్టిగా పట్టుకోలేదు.

ఇంటికొచ్చి తిని, దాలయ్య చాప మీద ఒరిగి నిద్రపోయాడు. సందె వెలుగులో కాసులమ్మ వాకిట్లో సైకిలు పక్కన కూర్చుంది. ఆ చక్రాలను చూస్తుంటే కడుపు నిండినట్టుంది, దాంతోపాటే భయం కూడా వేసింది. మంచినీళ్ళ దిక్కు తిరిగిన ఇనుము. మొదటిసారి ఈ గాలిలోకి వచ్చింది. ఈ గాలి దాన్ని కూడా తింటుంది. తిన్నాక మళ్ళీ ఒక శనివారం చుక్క రాదు.

చూరులోంచి సొర నూనె సీసా తీసింది. సొరచేప కాలేయం కాచి తీసే నూనె అది. పడవ చెక్కకు అది రాస్తే ఉప్పునీళ్ళు ఎన్నేళ్ళైనా ఏమీ చెయ్యలేవు. వాళ్ళ తాత రాశాడు, నాన్న రాశాడు, సూరన్న ఇప్పటికీ రాస్తాడు. ఉప్పు నుంచి దేన్నైనా కాపాడుకోవాలంటే ఆ పాలెంలో పుట్టినవాళ్ళకి తెలిసిన దారి అదొక్కటే. కాసులమ్మ పాత గుడ్డను నూనెలో ముంచి, రిమ్ముల లోపలా బయటా, అంచు వెంబడి, పసిబిడ్డకు తలంటినంత శ్రద్ధగా పట్టించింది. కారకుండా తుడిచింది. మధ్యాహ్నం తాను విన్న బ్రేకుల చప్పుడు ఆమెకు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందని మాత్రం తోచలేదు. పడవకు బ్రేకులుండవు.

వాసన వస్తుందేమోనని ఒక్క క్షణం అనుకుంది. మళ్ళీ నవ్వుకుంది. ఆ ఇంట్లో సొర నూనె వాసన లేకపోతే దాలయ్య గమనిస్తాడు గానీ, ఉంటే ఏం గమనిస్తాడు?

సోమవారం తెల్లవారుతుండగా చుక్క కొండ పాకింది. మలుపు దగ్గర ఆగింది. ఆ రోజు ఎప్పటికంటే ఎక్కువసేపే ఆగింది. తర్వాత కనిపించలేదు. కాసులమ్మ గంప ఎత్తుకుంది.

ఎండెక్కాక సూరన్న వచ్చి, చేపలమ్మే చోటే ఆమెను పట్టుకున్నాడు. "కంగారు పడకు సెల్లీ. బావ పడిపోనాడు. పేనానికేటీ బయం నేదు," అన్నాడు.

అవతలి దిగుడులో సైకిలు ఆగలేదట. రెండు బ్రేకులూ నొక్కినా జారుతూనే పోయిందట. లోయ వైపు పోకుండా దాలయ్య దాన్ని జీడిమామిడి తోపులోకి తిప్పేశాడు. చెట్టుకి కొట్టుకుని కాలు విరిగింది. బ్రేకులు పట్టట్లేదని అతను అరవడం విని, కట్టెల కోసం వచ్చిన ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి, లారీ ఆపి ఎక్కించారు. కాసులమ్మ గంప ఎక్కడ దింపిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. కేజీహెచ్‌ పెద్దాసుపత్రిలో మంచం మీద, తొడ దాకా సిమెంటు కట్టుతో పడుకున్న దాలయ్య ఆమెను చూడగానే ముందు చెప్పిన మాట మేక గురించి.

"మేక అడ్డొచ్చినాది కాసులూ. దాన్ని తప్పించబోయి పడిపోనాను."

"బ్రేకులు పట్టనేదని అన్న సెప్పినాడు."

"సూరన్నకేటి తెలుసు? ఆడున్నాడేటి అక్కడ? మేక."

దాలయ్యను ఇంటికి తెచ్చాక, తోపులో పడి ఉన్న సైకిలును సూరన్న మోసుకొచ్చి వాకిట్లో నిలబెట్టాడు. హ్యాండిలు పక్కకు తిరిగిపోయింది. "సక్రాలకి మాత్రం ఏటీ అవ్వనేదు సెల్లీ. మంచియే కొన్నావు," అని మెచ్చుకుని వెళ్ళాడు. కాసులమ్మ వంగి చూసింది. రిమ్ముల చుట్టూ ఎర్రమట్టి గుండ్రంగా, పూసినట్టు అంటుకుని ఉంది. మట్టి అలా ఎందుకు అంటుకుంటుందో ఆమెకు తెలుసు. బ్రేకు రబ్బరు మీద వేలు పెట్టింది. జారింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

మొగుడు వారం వారం రావాలని తను రాసిన నూనే మొగుణ్ణి పడేసింది. ఏడవడానికి కూడా లేదు. ఎందుకు ఏడుస్తున్నావని లోపలి నుంచి అడుగుతాడు.

ఆ తర్వాతి రోజుల గురించి చెప్పాలంటే మొహమాటంగానే ఉంటుంది, ఎందుకంటే అవి ఆ ఇంట్లో పండగ రోజులు. మంగళవారం సాయంత్రం కాసులమ్మ ఖాళీ గంపతో వచ్చేసరికి దాలయ్య ఇంట్లో ఉండేవాడు. బుధవారం ఉండేవాడు. కొండ వైపు చూడకుండానే ఆమె ఎసరు పెట్టేది. అతను అరుగు మీద కాలు చాపుకుని, సూరన్న వలల చిరుగులు బాగుచేస్తూ, వచ్చే పడవలో ఏమున్నదో అది ఒడ్డెక్కక ముందే చెప్పేవాడు. సముద్రం ముందు కూర్చుంటే అతని ముఖం మారిపోయింది. షెడ్లలో ఉన్నప్పటి బూడిదరంగు పోయింది. కాంక్రీటు పోసేవాడి కాలికే సిమెంటు పోసి కూర్చోబెట్టారని ఊరంతా నవ్వింది, అతనూ నవ్వాడు. రాత్రి అతని పక్కన పడుకున్నప్పుడు ఈ కాలు ఇప్పుడప్పుడే అతుక్కోకపోతే బాగుండునని కాసులమ్మ అనుకునేది. అనుకున్నందుకు తనను తనే తిట్టుకునేది. మళ్ళీ అనుకునేది.

నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో నోరు తెరిచింది. తెరిచినప్పుడల్లా అతను మేకను తోలుకొచ్చేవాడు. ఆసుపత్రిలో అది ఉత్త మేక. ఇంటికొచ్చాక నల్లమేక అయింది. సూరన్నకు చెప్పేసరికి కొమ్ములొచ్చాయి. ఊరివాళ్ళు పలకరించడానికి వచ్చేసరికి దాని వెనక రెండు పిల్లలు కూడా తయారయ్యాయి. అన్ని మేకల మధ్య కాసులమ్మకు తన మాట చెప్పే సందు దొరకలేదు.

కట్టు విప్పారు. కర్ర పట్టుకుని నడిచాడు, తర్వాత కర్ర లేకుండా నడిచాడు. సైకిలు హ్యాండిలు సరిచేసి, ఊళ్ళో చదును మీద తొక్కి చూసుకున్నాడు. పక్క షెడ్డు మనిషి ఒకడు వచ్చి, పెద్ద కాంక్రీటు పోత మొదలవబోతోందని, వస్తాడో రాడో కాంట్రాక్టరు కనుక్కోమన్నాడని చెప్పాడు. సోమవారం వస్తానని దాలయ్య చెప్పి పంపించాడు.

ఆదివారం సాయంత్రం కాసులమ్మ సైకిలును వాకిట్లో తలకిందులుగా నిలబెట్టింది. ఒక ముంతలో బూడిద, ఒకదాంట్లో కిరసనాయిలు, పక్కన కొబ్బరి పీచు, పాత గుడ్డలు పెట్టుకుంది. దాలయ్య అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఎల్లకు మావా," అంది ఆమె, చక్రం వైపే చూస్తూ. "అన్న పడవలో ఎక్కు. ఒచ్చిందే తిందుం."

"ఒచ్చింది సూరన్న పిల్లలకే సాల్తనేదు. ఇంకో నోరు ఎక్కడ పెడతాడు?"

"అయితే ఎల్తావు."

"నాకు మాత్రం ఎల్లాలనుందేటే? అక్కడ రేకుల కింద పడుకుంటే సెవుల్లో సంద్రం హోరెడతాది. లేసి సూత్తే కాంక్రీటు కలిపీ మిల్లరు తిరుగుతుంటాది. ఏటి సేత్తాను మరి?"

అతను అంత మాట ఎప్పుడూ అనలేదు. కాసులమ్మ పీచుకు బూడిద అద్దుకుని ముందు చక్రం రుద్దడం మొదలుపెట్టింది. ఎర్రమట్టి లేచింది. దాని కింద జిడ్డు లేచింది. కిరసనాయిలుతో తుడిచింది, మళ్ళీ బూడిదతో రుద్దింది, పొడిగుడ్డతో తుడిచింది. చేతులు పనిచేస్తున్నాయి గానీ, మనసు చూరు వైపు పోతోంది. సీసా అక్కడే ఉంది. ఈ జిడ్డు ఇలాగే ఉంచేస్తే? తుడవకుండా వదిలేస్తే? కాలే కదా విరిగింది. మనిషి ఇంట్లో ఉన్నాడు. ఆ ఆలోచన రాగానే గుడ్డను ఇంకా గట్టిగా నొక్కింది. వేలి కింద ఇనుము కిర్రుమనేదాకా, ఇక జారదని తేలేదాకా తుడిచింది.

"ముందుది అయిపోనాదా?" అన్నాడు దాలయ్య అరుగు మీంచి. "ఎనకది కూడా బాగా తుడు. కొండ మీద ఆపీది ఎనక బ్రేకే."

కాసులమ్మ చేతులు ఆగిపోయాయి.

"నీకు తెలుసా?"

"ఊఁ."

"మరి మేక?"

"మేక ఎవులిదని ఒక్కడైనా అడుగుతాడేమో సూసినాను. ఎవులూ అడగనేదు."

ఆమె లేచి రాలేదు. చేతులనిండా బూడిదతో అక్కడే కూర్చుండిపోయింది. కళ్ళ నీళ్ళు చెంపల మీదికి వచ్చి బూడిదలో పడుతున్నాయి. "నానే రాసినాను మావా. ఉప్పు తినెయ్యకుండా... నువ్వు రావాలని," అంది. "పడ్డాక తెలిసినాదా నీకు? నన్నెందుకు తిట్టనేదు?"

దాలయ్య సముద్రం వైపు తిరిగాడు. చెప్పాలా వద్దా అని అతను కూడా ఇన్నాళ్ళూ ఏదో మోస్తున్నట్టు ఆమెకు అప్పుడే తోచింది.

"పడ్డాక కాదే. పడక ముందే," అన్నాడు. "వారం వారం ఆ మలుపుకాడ ఆగుతాను గదా, సంద్రం ఓసారి సూసుకోడానికి. ఆ పొద్దు ఆగితే, సక్రం కాణ్ణించి సొర నూని వాసనొచ్చినాది. ఒంగి సూసినాను. నువ్వు రాసినావని తెలిసిపోనాది. ఇలగ రాత్తే బ్రేకు పట్టదని శ్రీరామ్మూర్తి గారు ముందే సెప్పినారు నాకు."

"తెలిసి ఎందుకు తుడవనేదు?"

"తువ్వాలు తీసినాను కూడా. తుడవబుద్ధి కానేదు." అతని గొంతు తగ్గింది. "షెడ్లకాడ సిమెంటు వాసన తప్ప ఏటీ ఉండదే. ఇంటి వాసన సైకిలుతోటి నా ఎంట ఒత్తందని, అలగే ఎల్లిపోదామని... మెల్లిగా కాళ్ళు నేలకి రాసుకుంటూ దిగీవచ్చులే అనుకున్నాను. కుదరనేదు."

ఇంతకాలం చుక్క అక్కడ ఎందుకు ఆగుతుందో కాసులమ్మకు తెలియదు. ఆయాసం అనుకుంది. తను ఇటునుంచి కొండ వైపు చూస్తున్నంతసేపూ, అతను అటునుంచి ఇంటి వైపు చూస్తున్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, వెనక చక్రం పట్టుకుంది. బూడిద, కిరసనాయిలు, మళ్ళీ బూడిద, పొడిగుడ్డ. చీకటి పడేదాకా రుద్దింది. దాలయ్య కుంటుకుంటూ దిగివచ్చి, పక్కన గొంతుక్కూర్చుని, తనూ ఒక గుడ్డ అందుకున్నాడు.

సోమవారం తెల్లవారుతుండగా అన్నం మూట క్యారేజీకి కట్టబోతూ అతను ఆగాడు.

"సీసా ఓసారి తే," అన్నాడు.

ఆమె బెదిరిపోయింది. "ఎందికి?"

"బ్రేకు తగలని సోట రాయి."

కాసులమ్మ సీసా తెచ్చి, చూపుడువేలు ముంచి, సైకిలు చుట్టూ తిరిగి చూసింది. హ్యాండిలు వద్దు, చేయి జారుతుంది. చక్రాల దగ్గరికి అసలు పోలేదు. చివరికి క్యారేజీ దగ్గర ఆగింది. గాజువాక నుంచి వచ్చేటప్పుడు తను కూర్చున్న చోట, ఆ ఇనప కడ్డీల మీద, ఈ చివర నుంచి ఆ చివరకు నూనె రాసింది.